హాల్ టికెట్ రాత్రి నల్ల ఇంకు మొండికేసింది

ఈ ఏడాది మేలో ఒక రాత్రి. తెల్లారితే మా అమ్మాయికి ఎంసెట్. ఈఏపీసెట్ అని పేరు మారి ఏళ్లయింది గానీ మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే. పొద్దున తొమ్మిదికి గుంటూరులో పరీక్ష, ఆరున్నరకల్లా తెనాలిలో బయల్దేరాలి. రాత్రి తొమ్మిదిన్నరకి అన్నాలు తినేసి గిన్నెలు సర్దుతుంటే "అమ్మా, హాల్ టికెట్ ప్రింట్ తీశావా?" అని అడిగింది. తీయలేదు. ఇంట్లోనే ప్రింటరుంది కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చులే అనే ధీమాతో వారం రోజులుగా వాయిదా వేస్తూ వచ్చాను.

ప్రింటర్ మీద కప్పిన తువ్వాలు తీసి, దుమ్ము దులిపి, లోపల బల్లి గానీ దూరిందేమోనని మూత ఎత్తి చూసి, స్విచ్ వేసి ప్రింట్ కొట్టాను. కాగితం వచ్చింది. ఫొటో చక్కగా వచ్చింది, మా పిల్ల బొట్టుతో సహా. కానీ అక్షరాలు లేవు. పేరు ఉండాల్సిన చోట, నంబరు ఉండాల్సిన చోట, సెంటర్ అడ్రస్ ఉండాల్సిన చోట దువ్వెన పళ్లతో గీరినట్టు నాలుగు బూడిదరంగు గీతలు. అంతే.

ఇక చూడాలి మా ఇంట్లో హడావిడి. ఈయన "కార్ట్రిడ్జ్ తీసి ఊపు, టీవీ రిమోట్ బ్యాటరీల్లాగే" అన్నారు. మా అమ్మాయి యూట్యూబ్ తెరిచింది. నేను మాత్రం చదువుకున్నదాన్ని కాబట్టి హెడ్ క్లీనింగ్ కొట్టాను. ఒకసారి కాదు, వరసగా మూడుసార్లు. ప్రింటర్ లోపల గర్రుగర్రుమంటూ రెండు నిమిషాలు ఏదో చేసుకుంటుంది, మళ్లీ కాగితం వస్తుంది, మళ్లీ అవే గీతలు. ఆ మూడు క్లీనింగులూ శుద్ధ దండగని తర్వాత తెలిసింది. హెడ్ క్లీనింగ్ అంటే నాజిల్స్‌లోంచి, అంటే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాల్లోంచి, ఇంకును బలవంతంగా కక్కించడం. నల్లది గట్టిగా ఎండిపోయి ఉంటే ఏమీ రాదు, పక్కనున్న కలర్ కార్ట్రిడ్జ్ మాత్రం ఏ పాపం చేయకపోయినా తన ఇంకు కూడా కక్కుతుంది. చిన్న కార్ట్రిడ్జుల్లో ఉండేదే ఒక టీస్పూను అటూ ఇటూ. అందులోంచి మూడుసార్లు మనమే డ్రైనేజీలో పోసుకున్నట్టు.

పది దాటింది. వీధి చివర జెరాక్స్ షాపు ఎప్పుడో కట్టేశారు. పిల్ల ముఖం చిన్నబోయింది, నాకేమో లోపల టెన్షన్. అప్పుడు పనికొచ్చిన ఉపాయం ముందు చెప్పేస్తాను, ఎవరికైనా ఇలాంటి రాత్రి వస్తే ఇదొక్కటి గుర్తుంటే చాలు. నల్ల కార్ట్రిడ్జ్‌ను పూర్తిగా తీసి పక్కన పెట్టేశాను. రెండు కార్ట్రిడ్జుల ప్రింటర్లు చాలావాటిలో ఒకటి తీసేస్తే మిగిలిన దానితోనే పని నడుపుతాయి. నలుపు లేదు కాబట్టి నీలం, గులాబీ, పసుపు మూడూ కలిపి నలుపులాంటిదేదో తయారుచేస్తుంది. కొన్ని ప్రింటర్లు మాత్రం తీస్తే ఒప్పుకోవు, ఎర్రలైటు వెలిగించి కూర్చుంటాయి. అలాంటప్పుడు కంప్యూటర్‌లో ప్రింటర్ సెట్టింగుల్లోకి వెళ్లి చూడాలి, ఇంక్ కార్ట్రిడ్జ్ సెట్టింగ్స్ దగ్గర 'కలర్ ఓన్లీ' అనేది ఉందేమో. మాది తీస్తే ఒప్పుకునే రకం. మళ్లీ ప్రింట్ కొడితే అక్షరాలు వచ్చాయి, కాస్త చింతపండు పులుసు రంగులో, కానీ స్పష్టంగా.

ఒక జాగ్రత్త ఉంది. ఇలాంటి ప్రింటర్లలో మామూలుగా నల్ల ఇంకు పిగ్మెంట్ రకం, కలర్ ఇంకు డై రకం. పిగ్మెంట్ అంటే నీళ్లలో తేలే సన్నటి పొడి, కాగితం మీద ఆరిపోతే తడి తగిలినా పెద్దగా చెదరదు. డై అంటే నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు, చెమట చేతులు తగిలితే చాలు పాకిపోతుంది. మే నెల, గుంటూరు ఎండ, పరీక్ష కంగారు. పైగా ఆ కాగితం మీద ఉన్న ప్రతి అక్షరమూ డై ఇంకే. అందుకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను. మా అమ్మాయి వెళ్లొచ్చింది, హాల్ టికెట్ రంగు గురించి ఎవరూ ఏమీ అనలేదట. పేపర్ ఎలా రాశావని అడిగితే మాత్రం ఇప్పటికీ మాట దాటేస్తుంది.

మర్నాడు ఆ నల్ల కార్ట్రిడ్జ్ పట్టుకుని షాపుకెళ్లాను. అక్కడి కుర్రాడు దాన్ని వెలుతురులో ఒకసారి తిప్పి చూసి "హెడ్డు పోయింది మేడం, కొత్తది తీసుకోండి, రెండూ సెట్టుగా తీసుకుంటే తగ్గిస్తా" అన్నాడు. ఐదు సెకన్లు కూడా చూడలేదు. డాక్టరు నాడి పట్టకుండానే ఆపరేషన్ అన్నట్టుంది. సరేలే ఆలోచిస్తానని వచ్చేశాను. ఆ తర్వాత పదిహేను రోజులు నేను ఆ కార్ట్రిడ్జ్ వెనకాల పడి నేర్చుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అది పనిచేసే తీరు కొంచెం. పెద్ద ఫిజిక్సేమీ కాదు. 1977లో జపాన్‌లో కేనన్ ల్యాబులో ఒక ఇంజనీరు చేతిలోని వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలింది, సూది చివర్నుంచి ఇంకు చిమ్మింది. వేడికి లోపల బుడగ పుట్టి ఇంకును బయటికి తోసిందన్నమాట. దాదాపు అదే రోజుల్లో అమెరికాలో హెచ్‌పీ వాళ్లు కూడా వేరే దారిలో అదే ఆలోచనకి వచ్చారు, 1984లో థింక్‌జెట్ అనే ప్రింటర్ అమ్మారు. ఇప్పటికీ ఈ రెండు కంపెనీల ఇంట్లో వాడే ఇంకు ప్రింటర్లు ఆ బుడగ పద్ధతే. వెంట్రుక కంటే సన్నటి రంధ్రం, దాని వెనకాల బుల్లి హీటరు. సెకనులో లక్షల వంతు సమయంలో మూడొందల డిగ్రీల దాకా వేడెక్కి, ఒక్క చుక్కను కాగితం మీదికి విసురుతుంది. ఆ చుక్క కొలత పికోలీటర్లలో ఉంటుంది, అంటే లీటరులో లక్ష కోట్ల వంతు. ఎప్సన్ వాళ్లది వేరే పద్ధతి, వేడి ఉండదు, కరెంటు ఇస్తే వంగే పీజో పలక ఒకటి ఇంకును నొక్కుతుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే మొత్తం రిపేరు సంగతి దీనిమీదే ఆధారపడి ఉంది. చిన్న రెండు కార్ట్రిడ్జుల ప్రింటర్లలో ఆ రంధ్రాలు, హీటర్లు, అంటే హెడ్డు అనేది, అన్నీ కార్ట్రిడ్జ్ అడుగునే అతికించి ఉంటాయి. కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్డూ కొత్తదే వస్తుంది. కాబట్టి మనం ధైర్యంగా దానిమీద ప్రయోగాలు చేయొచ్చు, పోతే పోయింది కార్ట్రిడ్జే. అదే నాలుగు విడివిడి రంగుల కార్ట్రిడ్జులుండే వాటిలో, ఎప్సన్ లాంటి వాటిలో, హెడ్ ప్రింటర్‌లోనే ఉంటుంది. అక్కడ మూసుకుపోతే కార్ట్రిడ్జ్ మార్చినా ఏమీ కాదు, పిచ్చి ప్రయోగం చేస్తే ప్రింటర్ ఖరీదులో సగం పోతుంది. మీది ఏ రకమో ముందు తెలుసుకోండి. కార్ట్రిడ్జ్ తీసి చూస్తే ఒక పక్క రాగి చుక్కల వరసలు, అడుగున మెరిసే సన్నటి పట్టీ ఉంటే మొదటి రకం. ఆ రెండూ లేకుండా ఉత్త ప్లాస్టిక్ డబ్బాలాగా, చిన్న చిప్పు మాత్రం ఉంటే రెండో రకం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంకు అయిపోయిందా, ఎండిపోయిందా, లేక కార్ట్రిడ్జ్ నిజంగానే చచ్చిందా? ఇది తేల్చకుండా డబ్బులు తీయొద్దు. తేల్చడానికి కావాల్సింది ఒక్క టిష్యూ పేపరు. దాన్ని కొంచెం తడిపి, పిండి, నాలుగు మడతలు పెట్టి, కార్ట్రిడ్జ్ అడుగునున్న మెరిసే పట్టీని దానిమీద మెల్లగా ఆనించి పది సెకన్లు ఉంచండి. రుద్దొద్దు, ఆనించడమే. నల్లదైతే నిండు నల్లగీత రావాలి. కలర్‌దైతే పక్కపక్కనే మూడు చారలు. పసుపు చార తెల్ల టిష్యూ మీద చచ్చినా కనపడదు, లైటు కింద పెట్టి వెతుక్కోవాలి, నేను మొదటిసారి పసుపు అయిపోయిందనుకుని ఉత్తపుణ్యానికి కంగారుపడ్డాను. గీత బాగా వచ్చినా ప్రింట్ రావట్లేదంటే ఇంకు రంధ్రం దాకా వస్తోంది, లోపం కరెంటు వైపుదో సెట్టింగులదో. గీత సగం మాత్రమే వస్తే సగం రంధ్రాలు మూసుకున్నాయి. అసలేమీ రాకపోతే ఖాళీ అయినా అయి ఉండాలి, ఎండైనా ఉండాలి. మా దానికి అసలేమీ రాలేదు. కానీ చేతిలో పట్టుకుంటే బరువుగానే ఉంది, అది కొని నిండా మూడు నెలలు కాలేదు, గట్టిగా నలభై కాగితాలు తీసి ఉండం.

ఎండినదాన్ని నానబెట్టాలి. ఇందులో రహస్యమేమీ లేదు, అట్టుకట్టిన గిన్నెను నానబెట్టినట్టే. కాకపోతే నీళ్ల దగ్గర జాగ్రత్త. మా వైపు బోరు నీళ్లు ఎలాంటివో బకెట్టు అంచున పేరుకునే తెల్ల సున్నం చూస్తే తెలుస్తుంది, వెంట్రుక కంటే సన్నటి రంధ్రంలో అది పేరుకుంటే ఇక అంతే సంగతులు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ప్రతి ఇంట్లో ఉండేదే, లేకపోతే బ్యాటరీ షాపులో ఇరవై ముప్పై రూపాయలకి దొరుకుతుంది. దాన్ని వేడిచేసి, చేయి పెట్టగలిగేంత వేడిలో, సాసర్లో రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకు పోసి, అడుగు పట్టీ మాత్రమే మునిగేలా కార్ట్రిడ్జ్‌ను నిలబెట్టాను. రాగి చుక్కల దాకా నీళ్లు రాకూడదు. ఐదు నిమిషాల తర్వాత తీసి టిష్యూ మీద ఆనిస్తే బూడిదరంగు మరక. మళ్లీ ఐదు నిమిషాలు. ఈసారి కొంచెం నల్లగా, ఒక చివర మాత్రమే. మరిగే నీళ్లలో పెట్టేవాళ్లున్నారు, నేను మాత్రం వద్దంటాను, ఆ పట్టీని అతికించిన జిగురు ఊడితే ఇక చేసేదేమీ లేదు.

రెండు రోజులు ఇలా పూటకోసారి చేశాను. మూడో రోజుకి గీత మూడొంతులు వచ్చి ఆగిపోయింది. ఇక్కడ యూట్యూబ్ నన్ను ముంచింది. లోపలి స్పాంజిలో గాలిబుడగ చేరి ఉంటుందనీ, కార్ట్రిడ్జ్‌ను టిష్యూలో చుట్టి, సాక్సులో వేసి, రంధ్రాలు బయటివైపు ఉండేలా గిరగిరా తిప్పితే ఇంకు కిందికి దిగుతుందనీ ఒకాయన చూపించాడు. సిద్ధాంతం తప్పు కాదు. బట్టలమిషన్లో డ్రయ్యర్ పనిచేసేది కూడా అలాగే. కానీ నేను తీసుకున్న సాక్సు మా అమ్మాయి స్కూలు రోజుల నాటిది, బొటనవేలి దగ్గర చిరుగు ఉంది. బాత్రూం గోడ మీద నల్లచుక్కలు వరసగా నడుం ఎత్తున ఒక అర్ధచంద్రాకారంలో ఇప్పటికీ ఉన్నాయి. పిగ్మెంట్ ఇంకు తడికి చెదరదని పైన రాశాను కదా, దానికి మా గోడే సాక్ష్యం. కానీ ఒప్పుకోవాలి, ఆ తర్వాత పెట్టిన టిష్యూ మీద గీత నిండుగా వచ్చింది.

గీత వచ్చింది కదాని ప్రింటర్లో పెడితే ఇంకో గొడవ. 'కార్ట్రిడ్జ్ ప్రాబ్లం' అని మెసేజ్. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. ఈ మెసేజ్‌కి కారణం చాలాసార్లు ఇంకు కాదు, ఆ రాగి చుక్కల మీద పడ్డ మరక. వేలిముద్ర జిడ్డు చాలు, ఇంకు చుక్క పడితే ఇంకా ఘోరం. నా సాక్సు ప్రయోగంలో అక్కడ ఇంకు పడకుండా ఉంటుందా? కళ్లజోడు తుడిచే గుడ్డ తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో కొంచెం తడిపి, రంధ్రాల వైపు నుంచి పైకి, ఒకే దిశలో తుడిచాను. కింది నుంచి పైకే ఎందుకంటే పైనుంచి కిందికి తుడిస్తే రాగి మీది పీచు రంధ్రాల్లోకి పోతుంది. ప్రింటర్ లోపల కార్ట్రిడ్జ్ కూర్చునే చోట కూడా అవే చుక్కలుంటాయి, వాటినీ తుడవాలి, అవి స్ప్రింగుల్లా కొంచెం ముందుకొచ్చి ఉంటాయి కాబట్టి మెల్లగా. పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి పెడితే మెసేజ్ పోయింది. దూది మాత్రం వాడొద్దు, పీచులు వదులుతుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని చెప్పేవాళ్ల మాటా వినొద్దు.

ఈ రాగి చుక్కలున్న పట్టీ గురించి ఇంకో సంగతి చెప్పాలి, మా ఎదురింటావిడ క్షమించాలి. ఆవిడ కొత్త కార్ట్రిడ్జ్ కొని, మొదట టేపు తీయకుండానే పెట్టేశారు, ప్రింట్ రాలేదు. "టేపు తీయాలండీ" అని నేను ఫోన్లో చెప్పాను. ఆవిడ గోటితో పట్టి, రంగు టేపుతో పాటు, దాని కిందున్న రాగి పట్టీని కూడా టేపే అనుకుని పీకి పారేశారు. రంధ్రాల మీద అడ్డంగా, లాగడానికి చెవి ఉన్న పల్చటి టేపు ఒక్కటే తీయాలి. రాగిరంగులో కనిపించేది ఏదీ తీయకూడదు. ఫోన్లో నేనది విడమరచి చెప్పి ఉండాల్సింది.

సరే, మా నల్లది బతికింది. కానీ అసలు ఎందుకు ఎండింది? మూడు నెలల కార్ట్రిడ్జ్ అంత గట్టిగా ఎండడానికి వీల్లేదు. ఆ రాత్రి స్విచ్ వేయకముందు బల్లి కోసం మూత ఎత్తి చూశానని చెప్పాను కదా, అప్పుడు చూసిన దృశ్యం వారం తర్వాత తట్టింది నాకు. కార్ట్రిడ్జులు కూర్చునే బండి కుడి మూలకి లేదు, సరిగ్గా మధ్యలో నిలబడి ఉంది.

అది మధ్యలో ఉండకూడదు. ప్రింటర్ పని అయిపోగానే ఆ బండిని కుడి చివరకి తీసుకెళ్లి, అక్కడున్న రబ్బరు మూతల మీద కూర్చోబెడుతుంది. పెన్ను వాడాక క్యాప్ పెట్టడం లాంటిది. మనం ప్రింటర్ మీదున్న పవర్ బటన్ నొక్కినప్పుడు వెంటనే ఆగిపోకుండా కాసేపు చప్పుడు చేసేది కూడా అందుకే, క్యాప్ సరిగా పెట్టుకుంటోంది. గోడ స్విచ్ తీసేస్తే ఆ అవకాశం ఉండదు, బండి ఎక్కడుంటే అక్కడే, క్యాప్ లేని పెన్నులాగా.

మా ఇంట్లో గోడ స్విచ్‌లకి అధిపతి మామయ్యగారు. రిటైరైన టీచరు. రాత్రి పదింటికి చేతిలో టార్చి పట్టుకుని ఇల్లంతా ఒక రౌండు వేసి, ఫ్రిజ్ తప్ప అన్ని స్విచ్‌లూ తీసేస్తారు, ముప్పై ఏళ్ల అలవాటు. ఏప్రిల్లో ఒక రాత్రి మా అమ్మాయి కెమిస్ట్రీ నోట్సు ప్రింట్ తీస్తుంటే కాగితం ఇరుక్కుంది. లాగడానికి మూత తీసింది, మూత తీస్తే బండి మధ్యలోకి వచ్చి నిలబడుతుంది, కాగితం లాగింది, రేపు చూద్దాంలే అని మూతేసి పోయింది. పదింటికి మామయ్యగారు వచ్చారు. ఆ రోజు నుంచి ఎంసెట్ రోజు దాకా, నలభై డిగ్రీల ఎండల్లో, మూడు వారాలకి పైగా నోరు తెరుచుకుని ఉంది ఆ కార్ట్రిడ్జ్. పిగ్మెంట్ కాబట్టి నల్లది రాయిలా గడ్డకట్టింది, కలర్‌ది డై కాబట్టి ఎలాగో తట్టుకుంది.

"మామయ్యగారూ, దీన్ని మాత్రం గోడ దగ్గర తీయకండి" అంటే "పిడుగు పడితే ఎవరిది బాధ్యత అమ్మాయ్?" అన్నారు. అదీ నిజమే. చివరికి రాజీ ఏంటంటే ముందు ప్రింటర్ బటన్ నొక్కడం, లైటు ఆరిపోయాక గోడ స్విచ్ తీయడం. స్విచ్ బోర్డు మీద ఆయన దస్తూరీతోనే '1, 2' అని చీటీ అంటించుకున్నారు. కరెంటు పోయినప్పుడు కూడా ఇదే గొడవ వస్తుంది, ప్రింట్ మధ్యలో పోతే రాగానే ఒకసారి ఆన్ చేసి బటన్‌తో ఆపేయండి, క్యాప్ పెట్టుకుంటుంది.

ఇంకు తక్కువుందనే హెచ్చరికల గురించి. వాటిని నమ్మి వెంటనే కొత్తది కొనేయకండి. మన చిన్న ప్రింటర్లు చాలావాటికి లోపల ఎంత ఇంకుందో చూసే కన్ను లేదు, ఎన్ని చుక్కలు విసిరిందో లెక్కపెట్టుకుని అంచనా చెప్తాయి. అక్షరాలు పాలిపోయేదాకా వాడొచ్చు. కేనన్ రెండు కార్ట్రిడ్జుల రకాల్లో ఇంకు అయిపోయిందని ఆగిపోతే స్టాప్ బటన్‌ను ఐదు సెకన్లకి పైగా నొక్కిపట్టుకుంటే ఆ లెక్క మానేసి పని మొదలుపెడుతుంది. అయితే పాలిపోయాక మాత్రం ఆపేయాలి, మొండిగా కొట్టకూడదు. బుడగ పద్ధతిలో హీటరును చల్లబరిచేది కూడా ఆ ఇంకే. ఇంకు లేకుండా హీటరు వెలిగితే నీళ్లు లేని గీజర్ గతే, కాలిపోతుంది. కాలిపోయిన రంధ్రానికి నానబెట్టడాలు పనిచేయవు. షాపు కుర్రాడు "హెడ్డు పోయింది" అనేది నిజానికి ఇలాంటి దానికి చెల్లుతుంది. టిష్యూ మీద గీత నిండుగా ఉండి, రాగి శుభ్రంగా ఉండి, నాజిల్ చెక్ కాగితంలో, అంటే రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే టెస్ట్ ప్రింటులో, ఎప్పుడూ ఒకే చోట గీతలు తెగిపోతుంటే అది కాలిందని లెక్క. అప్పుడు కొత్తది కొనక తప్పదు.

రీఫిల్ చేసుకునేవాళ్లకి, నేనూ చేస్తాను కాబట్టి, రెండు ముక్కలు. పై స్టిక్కర్ కింద రంధ్రాలుంటాయి. కలర్‌దానిలో ఏ రంధ్రం ఏ రంగుదో కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. ఊహించి పోయొద్దు, అగ్గిపుల్లలాంటి శుభ్రమైన పుల్ల దించి చూడండి, దానికంటిన రంగే చెప్తుంది. నల్లదానికి నల్ల ఇంకే కదా అని డై ఇంకు పోస్తే పనిచేస్తుంది గానీ అక్షరాల అంచులు కాగితంలోకి పాకి బొద్దుగా వస్తాయి. పిగ్మెంట్ మీద వేరే కంపెనీ డై పడితే కొన్నిసార్లు లోపల విరిగిపోయి గడ్డకడుతుంది కూడా, విరిగిన పాలలాగే. సిరంజితో గబగబా తోయొద్దు, రెండు మిల్లీలీటర్లకి ఒక నిమిషం తీసుకోండి. పొంగి పక్క గదిలోకి పోతే పసుపు అరలో నీలం చేరుతుంది, ఇక ఆ తర్వాత మీ ప్రింటులో పసుపచ్చ పూలన్నీ కాకరకాయ రంగులో వస్తాయి. పైనున్న గాలి రంధ్రాన్ని టేపుతో గట్టిగా మూసేయడం ఇంకో పొరపాటు, పైనుంచి గాలి పోకపోతే కిందికి ఇంకు దిగదు.

అన్నీ బాగుండి కూడా అక్షరాలు గోధుమరంగులో వస్తున్నాయంటే పేపర్ టైపు చూడండి. ఫొటో పేపర్ అని పెట్టి ఉంటే చాలా ప్రింటర్లు పిగ్మెంట్ నలుపును ముట్టుకోవు, మూడు రంగులు కలిపే నలుపు చేస్తాయి. ప్లెయిన్ పేపర్ అని మార్చితే చాలు. మా తోడికోడలు దీనికోసం ఒక కొత్త కార్ట్రిడ్జ్ కొన్నది.

ఇంకో రకం కష్టం అమెరికా నుంచి వచ్చేవాళ్లది. ఆ తోడికోడలి తమ్ముడే డాలస్ నుంచి వస్తూ చవగ్గా వచ్చిందని ప్రింటర్ మోసుకొచ్చాడు. కరెంటుకి ఇబ్బంది లేదు, వెనక వంద నుంచి రెండొందల నలభై వోల్టుల దాకా అని రాసి ఉంది. దానిలోని కార్ట్రిడ్జులు అయిపోయాక తెలిసింది అసలు సంగతి, అక్కడ అమ్మే కార్ట్రిడ్జ్ నంబర్లు వేరు, ఇక్కడివి వేరు. ఆకారం ఒకటే అయినా ఇక్కడిది పెడితే చిప్పు చూసి ఒప్పుకోదు. ఎవరైనా సూట్‌కేసులో ప్రింటర్ తెస్తానంటే వద్దని చెప్పండి, బాదంపప్పు తెమ్మనండి.

ఇంతా చదివి "ఈ బాధలెందుకు, ట్యాంకు ప్రింటర్ కొనుక్కో" అంటారని తెలుసు. ఈయనా అదే అంటున్నారు. ఎప్సన్ వాళ్లు 2010లో ఇండోనేషియాలో మొదటిసారి తెచ్చారు ఈ సీసాతో పోసుకునే ట్యాంకు ప్రింటర్లను. అక్కడి జనం అప్పటికే కార్ట్రిడ్జులకి పైపులు తగిలించి బయట ఇంకు డబ్బాలు పెట్టుకుని వాడేసుకుంటుంటే చూసి. నెలకి వంద కాగితాలు దాటేవాళ్లకి ట్యాంకే లాభం, అనుమానం లేదు. కానీ మాకు నెలకి పది కాగితాలు. నెలల తరబడి వాడకపోతే ట్యాంకు ప్రింటర్ హెడ్ కూడా ఇలాగే ఎండుతుంది, పైగా పీజో రకమైతే అది సాసర్లో నానబెట్టే వీలున్నది కాదు. ప్రతి క్లీనింగ్‌కీ కక్కిన ఇంకు అడుగున ఒక స్పాంజిలోకి పోతుంది, అది నిండిందని లెక్క తేలితే ప్రింటర్ మొత్తం ఆగి కూర్చుంటుంది, దాన్ని మార్పించుకోవాలి. నేను మాత్రం సాసర్‌తోనే సర్దుకుంటున్నాను.

చేయాల్సిందల్లా వారానికి ఒక్క కాగితం, అన్ని రంగులూ పడేలా. ఆ పని మామయ్యగారు తీసుకున్నారు. ఆదివారం టిఫిన్ అయ్యాక మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ వారం కొనాల్సిన మందుల చీటీ టైపు చేయిస్తారు, ఒక్కో మాత్ర ఒక్కో రంగులో. బీపీది నలుపు, షుగర్‌ది నీలం, గ్యాస్‌ది గులాబీ, కాల్షియంది పసుపు. తెల్లకాగితం మీద ఆ పసుపు అక్షరాలు ఎవరికీ కనపడవు, మందుల షాపులో ఈయనకీ కనపడవు, అత్తయ్యగారి కాల్షియం మాత్రలు రెండు వారాల్నుంచి రావట్లేదు.